గొడుగు, నిచ్చెన, గోడమీది పిల్లి

జనవరి 9

అమ్మమ్మా,

ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. నీకు ఫోన్ చేస్తే మామయ్య స్పీకరు పెడతాడు, నేనడిగినదానికి వంటింట్లోంచి అత్తయ్య జవాబు చెప్తుంది, నువ్వు "ఊఁ" అని పెట్టేస్తావు. అందుకే ఎప్పట్లాగే ఉత్తరం రాస్తున్నా.

మార్చి ఆఖర్న ఎన్నికలు. నాకిదే మొదటి ఓటు. నీ దగ్గర పెరిగిన పుణ్యాన నా ఓటు ఇప్పటికీ నీ గుమ్మం నంబరు మీదే ఉంది. ఉండి ఏం లాభం? ఎవరికి వేయాలో తెలిస్తేగా!

బ్లడ్‌బ్యాంకులో నా పని నీకు తెలుసు. గాజుపలక మీద రక్తం చుక్క, పక్కన మందు చుక్క, రెండూ కలిపి గడ్డకట్టిందా లేదా చూడటం. క్షణంలో ఎవరి గ్రూపయినా చెప్పేస్తాను. ఓటు దగ్గర మాత్రం నా గ్రూపేంటో నాకు తెలీదు. ఆసుపత్రిలో ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకూడదంటాను, అది గొడుగు పార్టీ మాట. చిన్న దుకాణం తెరవడానికి ఇన్ని ఆఫీసుల చుట్టూ తిప్పడమేంటంటాను, అది నిచ్చెన పార్టీ మాట. నదిలోకి మురికినీళ్లు వదిలే ఫ్యాక్టరీవాణ్ని జైల్లో వేయమంటాను, గొడుగు. బళ్లో పరీక్షలు గట్టిగా పెట్టమంటాను, నిచ్చెన. కంప్యూటర్లో ఒక పరీక్ష ఉంది, ప్రశ్నలకి జవాబులిస్తే మనకి ఏ పార్టీ సరిపోతుందో చెప్తుంది. ఇచ్చాను. సగం గొడుగు, సగం నిచ్చెన అంది. మళ్లీ ఇచ్చాను. "మీ జవాబులు ఒకదానికొకటి పొసగడం లేదు" అంది.

మా గదిలో నా పైమంచం మీద పడుకునే పిల్ల, అదే, నాతోపాటు బ్లడ్‌బ్యాంకులో రక్తం తీసే అమ్మాయి, పక్కా గొడుగు. నిద్రలో కూడా నినాదాలిస్తుంది. దాన్ని చూస్తే అసూయగా ఉంటుంది.

నువ్వు ఇన్నేళ్లూ ఎవరికి వేశావు? చెప్తే నేనూ వాళ్లకే వేసి ఊరుకుంటా.

గిలక

(ఎడమ మార్జిన్‌లో, నిలువుగా, పెన్సిల్‌తో: నువ్వు నేర్పినట్టే అసలు మాట ఇక్కడ. ఓటుకి రావాలా, మానాలా? నువ్వు రమ్మంటే వస్తా.)


జనవరి 17

గిలకా,

బావిలో నీళ్లున్నా లేకపోయినా గిలక మోత ఆగదని మీ తాతయ్య నీకా పేరు పెట్టారు. ఆయన పెట్టిన పేర్లలో ఒక్కటీ వృథా పోలేదు. ఉత్తరం అందింది. చదవడానికి రెండు పూటలు పట్టింది. అక్షరాలు రాశావా, కాగితం మీద చీమల్ని తోలావా? ఇంత చదువుకున్నదానివి, కాస్త పెద్దగా రాస్తే చెయ్యి అరుగుతుందా?

నీకు పార్టీని కంప్యూటర్ వెతికిపెడుతోందన్నమాట. మంచిది. ఆకలేస్తోందో లేదో కూడా దాన్నే అడుగు. పార్టీ అంటే కొలతలిచ్చి కుట్టించుకునే జాకెట్టు కాదే తల్లీ. కొట్లో వేలాడే రెడీమేడ్. చంకలో బిగుస్తుంది, నడుం దగ్గర వదులు. అచ్చం నా ఒంటికి కుట్టినట్టే ఉందన్నవాడు అబద్ధమైనా చెప్తున్నాడు, ఒళ్లయినా పోగొట్టుకున్నాడు.

మన వీధిగదిలో ప్రెస్సు నడిచిన రోజుల్లో ఊళ్లో ప్రతి పార్టీ కరపత్రం మన దగ్గరే అచ్చయ్యేది. గొడుగువాళ్లని పొద్దున రమ్మని, నిచ్చెనవాళ్లని సాయంత్రం రమ్మని మీ తాతయ్య డాక్టరులా వేళలిచ్చేవారు, గుమ్మంలో ఎదురుపడి కొట్టుకోకుండా. ప్రూఫులు దిద్దడం నా పని. గొడుగువాళ్లకి ఆవేశం ఎక్కువ, ఫుల్‌స్టాపులు తక్కువ. అందరికీ అన్నీ ఇస్తామని పేజీ నిండా రాసేవాళ్లు. ఎక్కణ్నుంచి తెచ్చి ఇస్తారో రాయబోయేసరికి చోటు అయిపోయేది. నిచ్చెనవాళ్లు మాటల్లోనూ పొదుపే. "నిచ్చెన మేం వేస్తాం, ఎక్కడం మీ పని" అని ఒకసారి రాసుకొచ్చారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల మాటేమిటని మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టి పంపాను. "మిమ్మల్ని దిద్దమన్నది ప్రూఫుని, పార్టీని కాదు" అని జవాబొచ్చింది. అది మాత్రం తప్పుల్లేకుండా రాశారు.

నువ్వు కాగితపు కట్టల మీద కూచుని కాళ్లూపుతూ చూసేదానివి, గుర్తుందా? మిషను చప్పుడు ఆగిందంటే నిద్రలోంచి లేచి ఏడ్చేదానివి. కిరసనాయిలు గుడ్డతో రోలరు తుడుస్తుంటే ఆ వాసన కోసం దగ్గరికొచ్చి నిలబడేదానివి. ఒక పార్టీ రంగు తుడిచి ఇంకో పార్టీ రంగు ఎక్కించేవాళ్లం. ఆ తుడిచిన గుడ్డ ఉంది చూశావూ, అన్ని రంగులూ కలిసి, ఏ రంగూ కాని రంగు. నీ రాజకీయం ప్రస్తుతం ఆ గుడ్డ.

నేనెవరికి వేశానో మీ తాతయ్యకే చెప్పలేదు. ఆయన నాకు చెప్పలేదు. "ప్రెస్సుకి పార్టీ ఉండకూడదు. మనుషులకి ఉండొచ్చు, అది తెర వెనక" అనేవారు. ఆయనకి చెప్పనిది నీకు చెప్తాననుకున్నావా?

తప్పు ఎక్కడున్నా దిద్దుబాటు మార్జిన్‌లో ఉండాలని, ముఖ్యమైన మాటకి చోటు అదేనని చిన్నప్పుడే నేర్పాను. మరి మార్జిన్ ఖాళీగా వదిలేశావేం? చెప్పుకోదగ్గ ముక్క ఒక్కటీ లేదా నీ బతుకులో?

నీ తలకాయ నీ మెడ మీదే నిలవాలని కోరుకుంటూ,
అమ్మమ్మ


జనవరి 30

అమ్మమ్మా,

నా రాత చీమలన్నావని ఆఫీసు కంప్యూటర్లో కొట్టి పంపుతున్నా. ఒక్క కాగితంలో పట్టేట్టు సర్దాను. ఇప్పుడు వంకపెట్టు చూద్దాం.

మార్జిన్ గురించి నువ్వన్న మాట అర్థమైంది. నీ బరువు నామీద పెట్టకు, నువ్వే తేల్చుకో అనేగా? దానికింత డొంకతిరుగుడు దేనికి! సరే, తేల్చుకున్నా.

ఆదివారం పైమంచం నన్ను వాళ్ల ఊరేగింపుకి రమ్మంది. రానన్నాను.

"అయితే నిచ్చెనా?"

"కాదు."

"మరి?"

"చూస్తున్నా."

"ఏం చూస్తావే? గోడమీద పిల్లివి నువ్వు. ఎటు పాలుంటే అటు దూకుతావు."

"పాల కోసమయితే ఎప్పుడో దూకేదాన్ని. రెండు పక్కలా కుక్కలున్నాయి."

గదిలో ఇంకో ఇద్దరున్నారు, పడీపడీ నవ్వారు. అది నవ్వలేదు. దాని మంచినీళ్ల సీసా నా బల్ల మీదనుంచి తీసేసుకుంది. మూడేళ్లుగా మా ఇద్దరి సీసాలూ ఒకచోటే ఉండేవి.

నీ ప్రెస్సు కబుర్లు చదివి, మా ల్యాబులో స్పిరిట్ సీసా మూత తీసి వాసన చూశాను. కిరసనాయిలు కాదనుకో. అయినా కళ్లు మూసుకుంటే కాసేపు వీధిగదిలోనే ఉన్నట్టుంది.

గిలక

(ఎడమ మార్జిన్‌లో, నిలువుగా, పెన్సిల్‌తో: నువ్వు రమ్మనలేదు కాబట్టి రావడం లేదు. ఆ రోజు డ్యూటీ నేను తీసుకుని, నా సెలవు పైమంచానికి ఇచ్చేశా. దానికి పార్టీ పని ఉందిట.)


ఫిబ్రవరి 8

గిలకా,

పెద్దగా రాయమంటే అచ్చేసి పంపిస్తావా? అదీ ఆవగింజలు వరసగా పేర్చినట్టు. ఒక్క కాగితంలో సర్దావా? మీ తాతయ్య బతికుంటే ఇంత ఇరికించినందుకు నిన్ను ఒక పూట కాగితపు కట్టల మీద కూచోబెట్టేవారు, కాళ్లు ఊపకుండా.

తేల్చుకున్నానన్నావు. సంతోషం. ఎటని అడగను. నీ పరుపు ఎండలో వేయించాను. కిటికీ వైపు మంచం మీ అత్తయ్య బట్టలతో నింపింది, ఖాళీ చేయించాను. "ఇప్పట్నుంచేనా అత్తయ్యా?" అంది. "పరుపుకి క్యాలెండర్ తెలీదు" అన్నాను. వచ్చాక ఎదురెదురుగా కూచుని మాట్లాడుకుందాం, నీ రాతతో పని ఉండదు.

ఇక్కడి సంగతి. మీ మామయ్య వీధిగదిని నిచ్చెన పార్టీ ఆఫీసు చేశాడు. మిషను మీద పార్టీ జెండా కప్పి, దాని మీద టీ గ్లాసులు పెడుతున్నారు. మీ తాతయ్య ఆ మిషను మీద చెయ్యి కూడా ఆనించనిచ్చేవారు కాదు. పొద్దస్తమానం మైకులో వాడి గొంతే. కన్నతల్లిని కాబట్టి ఒప్పుకుంటున్నాను, గొంతు బాగుంటుంది. మాటలే వాడివి కావు.

మొన్న నా దగ్గరికొచ్చి కూచున్నాడు.

"అమ్మా, ఈసారి ఓటుకి లోపలిదాకా నేనొస్తా నీతో."

"నాకు తోడెందుకురా?"

"నిన్న గుమ్మమనుకుని గోడలోకి నడిచావు."

"నేను నడవలేదు. గోడే ఎదురొచ్చింది."

"తోడు తెచ్చుకోవచ్చని రూలుందమ్మా. నువ్వు చెప్పు, ఓటు కాగితం మీద నీ బదులు నేను గీత గీస్తా. అంతే."

అంతేనట! వాణ్ని కన్నాను, పెంచాను, లెక్కల్లో తప్పితే మళ్లీ చదివించాను. అయినా ఆ ఒక్క ముక్క వాడి చెవిలో వేయలేను. వేశాననుకో, మర్నాటికి మైకులో ఉంటుంది.

ఎండలు ముదరకముందే నిన్ను చూడాలనుకుంటున్న
అమ్మమ్మ


ఫిబ్రవరి 16

అమ్మమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ కోపమే వచ్చింది.

నేను రావడం లేదని మార్జిన్‌లో అంత స్పష్టంగా రాస్తే, పరుపు ఎండలో వేశానని జవాబా? ఎత్తిపొడుపులు నాకు అర్థం కావనుకున్నావా? మొదటి ఉత్తరంలో నువ్వు రమ్మంటే వస్తానని అడిగాను. ఆ మాటకి జవాబు చెప్పకపోగా మార్జిన్ ఖాళీ అన్నావు. అడిగినప్పుడు రమ్మనవు, రానన్నాక పరుపు పరుస్తావు!

నేను కంప్యూటర్ని అడిగితే వెక్కిరించావు, నిన్నడిగితే తాతయ్య రూలు చెప్పావు. ఇంకెవర్ని అడగాలి? ఓటు వేయడమే మానేస్తే సరిపోతుందనిపిస్తోంది. ఎటూ పొసగనివాళ్లు ఇంట్లో కూచోవాలి కాబోలు.

పైమంచం మాట్లాడటం మానేసింది. పని దగ్గర ట్యూబులు అందించుకుంటాం, పేర్లు పిలుచుకోం. రాత్రి దాని కాలు నిచ్చెనమెట్టు మీద పడ్డప్పుడల్లా మంచం కదులుతుంది, ఇదివరకు "పడుకున్నావా?" అనేది. ఇప్పుడు మంచం ఒక్కటే కదులుతుంది.

ఈసారి మార్జిన్‌లో ఏమీ రాయడం లేదు. ఎలాగూ జవాబు రాదు.

గిలక


ఫిబ్రవరి 24

గిలకా,

ఈ ఉత్తరంలో గీతలు వంకరపోతే నవ్వకు. కింద స్కేలు పెట్టుకుని రాస్తున్నాను.

నీ కోపం చదివి, నువ్వు చెప్పే మార్జిన్ ఎక్కడుందా అని పాత ఉత్తరాలు తీశాను. కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకుని, కాగితాన్ని పక్కకి తిప్పాను. అప్పుడు కనబడింది. సన్నటి పెన్సిల్ గీత, నిలువుగా. నువ్వు రమ్మంటే వస్తా. ఇంకోటి తిప్పాను. నువ్వు రమ్మనలేదు కాబట్టి రావడం లేదు. కట్టలో ఉన్నవన్నీ తిప్పాను. అంతకుముందు రాసినవి, పోయినేడాదివి కూడా. జ్వరం వచ్చిందని ఒకదాంట్లో. జీతం పెరిగిందని ఒకదాంట్లో. ఊరికే గుర్తొచ్చావని ఒకదాంట్లో. పొద్దున కూచున్నదాన్ని, మీ అత్తయ్య భోజనానికి పిలిచేదాకా లేవలేదు. ఏడాదిపాటు నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు, నేను నడిమధ్య మాత్రం విని జవాబులిస్తున్నాను.

సంగతేమిటంటే, ఎడమకన్ను ఎప్పుడో రాజీనామా ఇచ్చింది. కుడికన్ను ఉద్యోగంలో ఉంది కానీ సగంపూటే. మధ్యలో కనిపిస్తుంది, పక్కలు కనపడవు. గొట్టంలోంచి చూసినట్టుంటుంది. సన్నటి గీతయితే ఎదురుగా ఉన్నా అనుమానమే. కళ్లడాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. "పోయిన చూపు తిరిగి రాదు మామ్మగారూ, ఉన్నదాన్ని కాపాడుకుందాం" అన్నాడు. "మార్జిన్లు పోయాయన్నమాట" అన్నాను. అతనికి అర్థం కాలేదు. ముప్ఫై ఏళ్లు మార్జిన్‌లో బతికినదాన్ని, నాకర్థమైంది.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్తే పని మానుకుని వస్తావని. ఇది గొప్పతనం కాదు, పొగరు. ఆ పొగరు నీకూ వచ్చింది కాబట్టి గుర్తుపట్టగలవు.

ఇక ఓటు మాట. కిందటిసారి కాగితం మీద పేర్లు వెతుక్కోడానికి నాకెంతసేపు పట్టిందో, బయట వరసలో ఉన్నవాళ్లు ఏమనుకున్నారో చెప్పను. ఈసారి ఒక్కదాన్నే వెళ్తే నా గీత ఎవరి నెత్తిన పడుతుందో దేవుడికెరుక. మీ మామయ్యని తీసుకెళ్తే నోరు విప్పాలి. మీ అత్తయ్య మంచిదే, కానీ ఆవిడ చెవికీ మీ మామయ్య చెవికీ మధ్య తలుపు లేదు. పెళ్లయి వచ్చినప్పట్నుంచీ ఒక్క ఎన్నికా వదల్లేదు నేను. నీళ్లాడి పదిరోజులు కాకుండా మీ అమ్మని చంకనేసుకుని వెళ్లాను. ఇప్పుడు ఇంట్లో కూచోవాలంటే మనసొప్పడం లేదు.

ఎటూ పొసగనివాళ్లు ఇంట్లో కూచోవాలని రాశావు. పొసిగినవాళ్లు మాత్రమే వెళ్తే, గిలకా, మా కాలంలో పోలింగ్ బూత్ దగ్గర పోలీసువాడు ఒక్కడే ఉండేవాడు.

నువ్వు డ్యూటీ మార్చేసుకున్నావు. మార్చుకున్నది మాట్లాడని పిల్లతో. అది నీకెంత కష్టమో తెలుసు. అందుకే ఆజ్ఞాపించడం లేదు.

అమ్మమ్మ

(ఎడమ మార్జిన్‌లో, నిలువుగా, వేలెడేసి అక్షరాలతో: రా.)


మార్చి 5

అమ్మమ్మా,

లావు కలంతో రాస్తున్నా. అన్నీ మధ్యలోనే. వస్తున్నాను.

నీ ఉత్తరం రాత్రి చదివి, ఏం చేయాలో తెలీక పైమంచం అంచు మీద పెట్టి పడుకున్నా. అది చదివినట్టుంది, పొద్దున ల్యాబులో ట్యూబులు అందిస్తూ తనంతట తనే మాట కలిపింది.

"ఆ రోజు నువ్వెళ్లు. నేను పొద్దున్నే ఓటేసి డ్యూటీకొస్తా."

"మరి నీ పార్టీ పని?"

"పార్టీలో జనం చాలామందున్నారు. మీ అమ్మమ్మకి ఎవరున్నారు?" అంది. ట్యూబుకి చీటీ అంటిస్తూ, "ఇంతకీ ఆవిడ ఎవరికేస్తారు?"

"తెలీదు."

"నిచ్చెనకే వేస్తారేమో. మా ఓటు ఒకటి కొట్టుకుపోవడానికి నేనే సెలవిచ్చినట్టవుతుంది."

"అవ్వచ్చు."

"అయినా వెళ్లు" అంది. "నువ్వు మాత్రం పిల్లివే. అందులో మార్పు లేదు."

సాయంత్రానికి దాని సీసా నా బల్ల మీద ఉంది.

పరుపు మళ్లీ ఎండలో వేయించు. కోపంగా రాసినవన్నీ కొట్టెయ్యి, మార్జిన్‌లో దిద్దక్కర్లేదు.

కళ్ల సంగతి నాకు చెప్పనందుకు ఎదురుగా తిట్టాలని దాచుకున్న
గిలక


ఏప్రిల్ 6

అమ్మమ్మా,

గెలిచినవాళ్లు గెలిచారు, గోడల మీద కాగితాలు చింపేస్తున్నారు. నేను తిరిగొచ్చి వారమైంది, ఇంకా మనం ఓటేసిన బడిగదిలోనే ఉన్నట్టుంది. నువ్వు నా మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కడం, బల్ల దగ్గర కూచున్నాయన "తోడు వచ్చినవాళ్లు రహస్యం దాస్తామని సంతకం పెట్టాలి" అనడం, "దాని నోరు గిలక, కానీ తాళం కూడా ఉంది, నేనే వేశాను" అని నువ్వనడం. ఆయన నవ్వాడు, నీకు కనపడలేదేమో.

తెర వెనక ఓటు కాగితాన్ని ముందు వేళ్లతో తడిమి చూశావు. "పల్చటి కాగితం. అచ్చు వెనక్కి దిగింది. మీ తాతయ్య అయితే సిగ్గుతో చచ్చేవారు" అన్నావు. ఓటు వేయడానికొచ్చావా, ప్రెస్సు తనిఖీకొచ్చావా అనిపించింది. తర్వాత నా తల కిందికి వంచి చెవిలో చెప్పావు.

సంతకం పెట్టాను కాబట్టి నీకు కూడా ఆ పేరు రాయను. కానీ వాళ్లకా? ఇన్ని ఉత్తరాల్లో, ఇన్నేళ్లలో, నువ్వు తిట్టని తిట్టు లేదు వాళ్లని! గీత గీయబోయి, కాగితం మీదనుంచి తలెత్తి నీకేసి చూశాను. "వంకరగా గీస్తే చెల్లదు, సరిగ్గా పట్టుకో" అని నెత్తిమీద మొట్టావు.

తర్వాత నా వంతు. నువ్వు బయట బెంచీ మీద కూచున్నావు. తెర వెనక నాకొక్కదానికే ఆ నిశ్శబ్దం. మన మిషను ఆగిపోయినప్పుడు ఉండేదే, అదే. కానీ ఏడుపు రాలేదు. ఒకచోట గీత గీశాను. ఎందుకక్కడ గీశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బయటికొస్తే మామయ్య బ్యాడ్జీ పెట్టుకుని గేటు దగ్గరున్నాడు. "ఎవరికేయించావే మా అమ్మచేత?" అన్నాడు. "సంతకం పెట్టాను మామయ్యా" అన్నాను. ఆయన నిన్ను రిక్షా ఎక్కించి, నీ కాళ్లమీద చీర సరిచేసి, మళ్లీ గేటు దగ్గరికి వెళ్లిపోయాడు. పాపం అనిపించింది.

ఇంకో వింత జరిగింది. నిన్న మా క్యాంటీన్ టీవీలో, నేను ఓటేసిన పార్టీవాడొకడు, ఆసుపత్రుల గురించి నోటికొచ్చినట్టు ఏదో వాగాడు. అందరూ విరగబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముఖం వేడెక్కింది, ప్లేటు పట్టుకుని మూలకెళ్లి కూచున్నా. వాడెవడో, నేనెవరో! వాడు వాగితే నాకెందుకు సిగ్గు? కిందటి నెల అటుపక్కవాడు ఇంతకంటే చెత్తగా మాట్లాడితే అందరితోపాటు నేనూ నవ్వానుగా.

నేను తప్పుచోట గీశానంటావా?

గిలక


ఏప్రిల్ 15

గిలకా,

తప్పుచోట గీయలేదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం. ఇందులో మీ తాతయ్య ఉన్నారు కాబట్టి తీరిగ్గా చదువు.

నాకు పెళ్లయిన కొత్త. మొదటి ఎన్నికలు. ప్రెస్సులో ఊపిరాడని పని. ఆ రోజుల్లో కరపత్రం రెండు వైపులా వేసేవాళ్లం. ముందు వైపు పార్టీ గుర్తు, నిలబడినవాడి పేరు. వెనక వైపు వాగ్దానాలు. ముందు వైపు అచ్చేసి, ఇంకు ఆరడానికి దొంతులు పెట్టి, మర్నాడు తిరగేసి వెనక వైపు వేయాలి. గొడుగువాళ్ల దొంతి, నిచ్చెనవాళ్ల దొంతి పక్కపక్కనే ఉన్నాయి. మీ తాతయ్యకి నిద్రలేక కళ్లు మూతలుపడుతున్నాయి. ఒకరి దొంతి వెనక ఇంకొకరి వాగ్దానాలు వేసేశారు. గొడుగు వెనక నిచ్చెన, నిచ్చెన వెనక గొడుగు. నేను రెండు వైపులూ విడివిడిగా దిద్దాను. ముందు వైపు తప్పు లేదు, వెనక వైపు తప్పు లేదు. కాగితమే తప్పు.

ఊరంతా పంచేశారు. ఒక్కడు కనుక్కోలేదు. గొడుగువాళ్ల పెద్దమనిషి వచ్చి అచ్చు బ్రహ్మాండంగా ఉందన్నాడు. సాయంత్రం నిచ్చెనవాడు వచ్చి అదే మాట అన్నాడు. నాలుగు రోజుల తర్వాత కొట్టునుంచి పొట్లాలొచ్చాయి, రెండు పొట్లాలు, రెండు పార్టీల కరపత్రాలు. విప్పి, అలవాటు కొద్దీ తిరగేసి చదివాను.

మొదటిదాన్ని చూసి నవ్వాగలేదు. ఆ గుర్తు వెనక ఆ మాటలు! వీళ్లకి తగిన శాస్తే అనుకున్నాను. రెండోది తిరగేశాను. నవ్వు ఆగిపోయింది. అయ్యో, వీళ్ల పేరు మీద ఇలాంటి మాటలా, జనం ఏమనుకుంటారు అని గుండె చివుక్కుమంది. రెండూ మన ప్రెస్సు తప్పే కదా? ఒకేలా నవ్వాలి, లేదా ఒకేలా సిగ్గుపడాలి. మరి నాకెందుకలా అయింది? పొట్లంలో సామాను నేలపాలయింది, నేను కాగితం పట్టుకుని అలా నిలబడిపోయాను. అప్పటిదాకా నాకూ నీలాగే ఇందులో సగం, అందులో సగం. అన్ని పార్టీల ప్రూఫులూ దిద్దేదానికి ఇంకేముంటుంది?

మీ తాతయ్యని పిలిచి రెండూ చేతిలో పెట్టాను. ఆయన తిరగేసి చూశారు. నేను నవ్వినదాన్ని చూసి తల పట్టుకుని కూచున్నారు. నేను సిగ్గుపడ్డదాన్ని చూసి, పెదవి బిగపట్టినా ఆగక, నవ్వేశారు. నేను ఆయన ముఖం చూశాను, ఆయన నా ముఖం చూశారు. ఇద్దరికీ తెలిసిపోయింది. ఆయన వెళ్లి కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా ఉన్న రోలరునే మళ్లీ తుడిచారు. నేను కాఫీ పెట్టాను. ఆ తర్వాత ప్రతి ఎన్నికకీ కలిసి నడిచి వెళ్లి, ఒకరి గీత ఒకరం కొట్టేసి, కలిసి నడిచి వచ్చేవాళ్లం. దారిలో ఎండ గురించి మాట్లాడుకునేవాళ్లం.

కాబట్టి నీ కంప్యూటర్ అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఎవరి మాట నచ్చిందని అడిగింది. ఎవరి తప్పుకి నీకు సిగ్గేస్తుందని అడగలేదు. పరాయివాళ్ల తప్పుకి నవ్వొస్తుంది. మనవాళ్ల తప్పుకి ముఖం వేడెక్కుతుంది. నేను వాళ్లని అంతగా ఎందుకు తిట్టానంటావా? పక్కింటి పిల్లాడి ముక్కు కారుతుంటే ఎవరైనా కొంగు తీస్తారా? నీ గాజుపలక మీద ఇన్నాళ్లకి చుక్క గడ్డకట్టింది, అంతే. సగం ఇటు, సగం అటు ఉన్నదానివి అలాగే ఉండు. రెండో సగంతో మొదటి సగాన్ని దిద్దుతూ ఉండు.

ఆ వాగినవాడు ఏ పార్టీవాడో నువ్వు రాయలేదు. మంచి పని చేశావు. మీ మామయ్య ఆ వార్తలు పెద్దగా పెట్టుకుని వింటుంటే నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను, పొరపాటున కూడా తెలియకూడదని. ఓటు సంగతి చెప్పలేదని మీ మామయ్య అలిగి వారం రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. నిన్న తనంతట తనే మిషను మీద జెండా తీసేసి, టీ మరకలు తుడిచాడు. "కిరసనాయిలు ఉందా అమ్మా?" అనడిగాడు. ఆ వాసన ఇల్లంతా ఉంది. రోలరు బిగుసుకుపోయింది కానీ చక్రం తిరుగుతోంది. కాసేపు ఊరికే తిప్పాడు. నేను నా గదిలో పడుకుని విన్నాను.

పైమంచం పిల్లకి చెప్పు, వాళ్ల ఓటు ఒకటి కొట్టుకుపోయిందో, ఒకటి కలిసిందో తను సెలవిచ్చిన ముసలమ్మకీ, నీకూ తప్ప ఎవరికీ తెలీదని. కోపం రాకపోతే ఒకసారి ఇక్కడికి తీసుకురా. అంత నమ్మకంగా ఒకే పక్కనున్నవాళ్లని దగ్గర్నుంచి చూసి చాలాకాలమైంది.

ఇకనుంచి ముఖ్యమైన మాటలు మధ్యలో రాయి, లావుగా, ఎదురుగా. నేను అక్కడే చూస్తాను. ఈ కాగితానికి రెండు పక్కలా బోలెడంత మార్జిన్ వదిలాను. నాకది కనపడదు. నీకు కనపడుతుందిగా, తప్పులేమైనా ఉంటే అక్కడ దిద్ది పంపు.

అమ్మమ్మ